రాళ్లగుట్టలో తొలి రాయి

పిల్లలూ, ఇది కెనడా దేశంలో, ఫ్రెంచి మాట్లాడే రైతుల మధ్య జరిగిన ముచ్చట. అక్కడ పొలాలన్నీ ఒక పెద్ద నది ఒడ్డున మొదలై సన్నగా, పొడుగ్గా అడవి దాకా పోతాయి. ఓదిల్ అనే పదమూడేళ్ల పిల్ల వాళ్ల పొలం చివర ఒక రాళ్లగుట్ట ఉండేది. ఏటా దున్నే ముందు, నేలలో దొరికిన మొదటి రాయిని ఆ ఇంటి ఆడవాళ్లు ఒడిలో మోసుకెళ్లి గుట్టమీద వేసేవారు.

ఒక ఏడు వసంతం వచ్చినా మంచు కరగలేదు. గుట్ట వెనకనుంచి మంచురక్కసుడు లేచాడు.

"ఈ పొలం ఒకప్పుడు నా అడవి! ఇందులోంచి తొలి రాయి ఎత్తిందెవరో చెప్పండి. లేదంటే పొలం నాది!" అని గర్జించి ఓదిల్ నానమ్మ పాదాలు తాకాడు. అవి రాయైపోయాయి. "రోజురోజుకీ రాయి పైకి పాకుతుంది. మూడోనాడు పొద్దుగూకేలోగా ఒక్క జవాబే చెప్పాలి. తప్పితే ముసలిది రాతిబొమ్మే!"

తల్లీ తండ్రీ లేని ఓదిల్‌కు నానమ్మే లోకం.

"ఇంకెవరు? మన మూలపురుషుడు జకారీ!" అన్నాడు పెదనాన్న. జకారీ పేరు చెప్పి మీసం దువ్వడమంటే ఆయనకు మహా సరదా.

"నీకు ఖాయంగా తెలుసా, పెదనాన్నా?" అని ఓదిల్ అడిగితే మాత్రం మీసం వదిలేసి కిటికీలోంచి బయటికి చూశాడు. ఊరివాళ్ల పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసిన పాత పుస్తకాలు అడవి అవతలి చర్చిలో ఉన్నాయి. ఓదిల్ పరుగున బయలుదేరింది.

దారిలో మంచుగడ్డలు కొట్టుకొస్తున్న ఏరు. ఒడ్డున కొమ్ముల దుప్పి నిలబడి ఉంది. "నీ ఏడు తరాల పేర్లు చెప్పు, దాటిస్తాను" అంది.

ఓదిల్ నాన్న, తాత, ముత్తాత అంటూ జకారీ దాకా గడగడా చెప్పింది.

"మరి అమ్మల పేర్లో?"

"తెలీదు" అంది ఓదిల్. సిగ్గుతో తల వాలిపోయింది.

"తెలీదని ఒప్పుకున్నావుగా, ఎక్కు" అంది దుప్పి.

మర్నాడు చర్చి చేరింది. పుస్తకాలు కాచే ముసలి తాపసి, "మీ ఇంటి పుస్తకం ఇదే. రెండుసార్లే తెరుచుకుంటుంది తల్లీ. ఆ తర్వాత మంచుగడ్డగా మారిపోతుంది" అన్నాడు.

ఓదిల్ జకారీ పెళ్లి రాసిన పుట తీసింది. ఆయన సంగతే ఆత్రంగా చదివింది. పెళ్లైన నెలకే తోలు వ్యాపారుల పడవెక్కి వెళ్లాడు. మూడేళ్లకు తిరిగొచ్చేసరికి పొలం తయారుగా ఉంది! పుస్తకం టప్పున మూసుకుంది.

"అయ్యో తాతా! రాళ్లెత్తింది ఆయన భార్యన్నమాట! ఆవిడ పేరు ఏ పుటలో వెతకను?"

"మా పుస్తకాల్లో ఆడపిల్లకు పుట్టింటి పేరు కాటికి పోయేదాకా మారదు. నువ్వు సరిగ్గా చదివావా?"

పెళ్లికొడుకు పేరు చూసి, పక్కనున్నది వదిలేశానని ఓదిల్‌కు అప్పుడు తట్టింది. పుట తప్పితే నానమ్మ దక్కదు. మళ్లీ అదే పుట తీసింది. 'పెళ్లికూతురు పెరీన్ థిబో' అని ఉంది.

మూడోనాడు పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. రాయి నానమ్మ గొంతుదాకా వచ్చేసింది. పెదనాన్న, "జకారీ అనవే!" అని ఒకటే అరుపు. రక్కసుడు తీయగా నవ్వి, "పెద్దాయన మాట విను, పాపా" అన్నాడు.

"పెరీన్ థిబో!" అంది ఓదిల్.

రక్కసుడి నవ్వు ఆగిపోయింది. "అవును. నన్ను అడిగి రాయెత్తింది ఆ పిల్ల ఒక్కతే. 'ఒడిలో మోయగలిగినంతే తీసుకుంటానయ్యా' అంది. ఎన్ని ఒడులు మోసిందో! మీరు దాన్ని మరిచిపోతే నాకు మండదూ?" అంటూ కరిగి నదిలో కలిసిపోయాడు.

నానమ్మ పాదాలు కదిలాయి. ఓదిల్ ఆమెను వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, "నానమ్మా, నీ పుట్టింటి పేరేమిటే?" అని అడిగింది.

"యాభై ఏళ్లైందే నన్నీ మాట ఎవరైనా అడిగి!" అని నానమ్మ కళ్లు తుడుచుకుని, పొయ్యి దగ్గర కూచుని, తన పేరు, తన తల్లి పేరు, ఆమె తల్లి పేరు చెప్పింది.

తర్వాత ఆ పొలం ఓదిల్‌దే అయింది, ఆమె హాయిగా బతికింది. నేను చెప్పాల్సింది ఇంతే. మీ నానమ్మ పుట్టింటి పేరు మీకు తెలుసా? తెలీదూ? మరింకా కూచున్నారేం, లేవండి!