అదే పేరున్న ఐదో మనిషి

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే తీరిక ఉండదు. కొడుకు ఒక చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇంకో చేత్తో ఫోను చూసుకుంటుంటాడు. కోడలు బడిలో లెక్కల టీచరు. దిద్దిన పేపర్ల కట్ట సంచిలో కుక్కుకుని, పొయ్యి ఆపానో లేదో అని రెండుసార్లు వెనక్కి వస్తుంది. పెద్దాయన వాళ్ళకి అడ్డం రాకుండా కిటికీ పక్క కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు. ముప్ఫై ఆరేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. భార్య పోయి మూడేళ్ళయింది. “వస్తాను నాన్నా”, “తలుపేసుకోండి మావయ్యా” అన్న రెండు మాటలు అయిపోతే, ఇక సాయంత్రం దాకా ఆయన్ని పలకరించే దిక్కు ఉండదు.

ఆ సోమవారం మాత్రం కోడలు గుమ్మం పక్క ఉత్తరాల పెట్టె దగ్గరే ఆగిపోయింది.

“మావయ్యా, మీకు ఉత్తరం! గ్రంథాలయం వాళ్ళు రాశారు.” ఆయన ఊ అనగానే చింపి పైకే చదివింది. “ఒకే పేరుతో వేరువేరు రంగాల్లో పేరు తెచ్చుకున్న నలుగురు ప్రముఖుల్ని ఒకే వేదిక మీద సన్మానించాలనుకుంటున్నాం. గాయకుడు, గుండె డాక్టరు, పరుగుపందేల విజేత, వారితో పాటు తమరు. మీ చేతిపని ఈ నగరంలో ఎన్ని భవనాలకు ప్రాణం పోసిందో అందరం చూస్తూనే ఉన్నాం. ఆదివారం సాయంత్రం…”

“భవనాలకు ప్రాణమా? నాన్నా, నీ లిఫ్టులే!” కొడుకు ఫోను జేబులో పడేశాడు.

పెద్దాయనకి విషయం అప్పుడే అర్థమైపోయింది. ఆ పేరుతోనే ఊళ్ళో ఒక శిల్పి ఉన్నాడు. పెద్ద పెద్ద భవనాల ముందు నిలబెట్టిన రాతి బొమ్మలన్నీ ఆయన చెక్కినవే. ఒకసారి ఎవరో లారీ డ్రైవరు పొరపాటున ఇక్కడికి ఫోన్ చేసి, “సార్, మీ బండరాయి వచ్చింది, మేడ మీదికి ఎక్కించమంటారా?” అని అడిగితే, ఆయనా భార్యా కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

‘ఇది నాకు కాదురా’ అందామని నోరు తెరిచాడు. ఈలోగా కొడుకు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“ఆసుపత్రి లిఫ్టులో ఎవరో ఇరుక్కుపోతే నువ్వు కాపాడావట కదా? ఏంటి నాన్నా ఆ సంగతి?”

కొడుకు అలా ఎదురుగా కూర్చుని తనని ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తు రాలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు.

సాయంత్రమూ ఆ సంగతి చెప్పలేకపోయాడు. కోడలు నోటు పుస్తకం పట్టుకుని వచ్చి, “వేదిక మీద తడబడకూడదు మావయ్యా. మీరు చెప్పండి, నేను రాస్తాను” అంది. ఆయన చెప్పాడు. కరెంటు పోయి, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య నొప్పులు పడుతున్న ఒక అమ్మాయి చిక్కుకుపోయిందట. ఈయన పైన యంత్రాల గదిలో బ్రేకు వదులు చేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, లిఫ్టుని అంగుళం అంగుళం కిందికి దించాడట. “భయపడకమ్మా, నేనున్నాను” అని తాళ్ళు దిగే సందులోంచి అరుస్తూనే ఉన్నాడట.

“ఇంత జరిగిందా! మాకెప్పుడూ చెప్పలేదేం?”

“మీ అత్తయ్యకి చెప్పానమ్మా.”

మర్నాడు అందరూ వెళ్ళాక, గ్రంథాలయానికి ఫోన్ చేసి పొరపాటు సంగతి చెప్పేశాడు. అవతలి ఆవిడ నొచ్చుకుంది. “మీరూ రండి సార్, వెనక వరసలో చోటుంచుతాం” అంది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. రోజూ సాయంత్రం కొడుకు వచ్చి, చెప్పులు విడవకుండానే, “ఊ, తర్వాతేమైంది?” అని అడుగుతుంటే ఎలా చెబుతాడు?

శుక్రవారం సాయంత్రం కొడుకు వచ్చీ రాగానే ఒక కరపత్రం బల్ల మీద విసిరికొట్టాడు. అందులో నాలుగు ఫొటోలున్నాయి. నాలుగోది గడ్డం పెంచుకున్న శిల్పిది.

“ఆఫీసులో మా వాళ్ళు చూపించి ఒకటే నవ్వు. ‘మీ నాన్న గడ్డం ఎప్పుడు పెంచాడు?’ అంటున్నారు. అందరికీ చాటింపు వేసినట్టు చెప్పాను! నీకు తెలుసా ఇది?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“ఉత్తరం చదివినప్పట్నుంచే.”

“మరి నోరు మూసుకుని కూర్చున్నావేం? నన్ను వెర్రివాణ్ణి చేయాలనా?”

“మెల్లగా మాట్లాడండి” అంటూ కోడలు మధ్యలోకి వచ్చింది.

పెద్దాయన తలెత్తలేదు. “నువ్వు కుర్చీ లాక్కుని కూర్చున్నావురా. లేపబుద్ధి కాలేదు.”

కొడుకు బల్ల మీది కరపత్రాన్ని బోర్లా తిప్పాడు.

“ఆ శిల్పికి అన్యాయం చేయలేదు. మర్నాడే గ్రంథాలయం వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేశాను.”

“మరి పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు కదా మావయ్యా?”

“వెళ్తానమ్మా. వెనకాల కూర్చుంటాను. నలుగుర్నీ పేరుపెట్టి పిలుస్తారుగా… నాలుగుసార్లు వినబడుతుంది.” కొడుకు వైపు చూపించాడు. “వీడికి నాన్నని, నీకు మావయ్యని, వీధిలో వాళ్ళకి లిఫ్టు తాతని. కాదనడం లేదు. కానీ మీ అత్తయ్య పోయాక నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు.”

“అమ్మ నిన్ను పేరుపెట్టి పిలిచేదా?” కొడుకు తండ్రి వైపు తిరిగాడు. “ఏమండీ అనే కదా అనేది!”

“మీ ముందు ఏమండీ. ఎవరూ లేనప్పుడు పేరే.”

శనివారమంతా కొడుకు ఆయన మొహం చూడలేక తప్పించుకు తిరిగాడు.

ఆదివారం పెద్దాయన ఒక్కడే బస్సెక్కి వెళ్ళాడు. హాలు కిటకిటలాడుతోంది. చిట్టచివరి వరసలో, స్తంభం చాటున కూర్చున్నాడు. గాయకుణ్ణి పిలిచారు, చప్పట్లు. డాక్టర్ని పిలిచారు, మళ్ళీ చప్పట్లు. అంతలో పక్క కుర్చీ కిర్రుమంది. కొడుకు! వాడి వెనకాలే కోడలు.

“రెండుసార్లు అయిపోయిందా?” అని గుసగుసగా అడిగాడు కొడుకు.

ఆయన తలూపాడు. మూడోసారి ఆ పేరు హాలంతా మోగింది. నాలుగోసారి శిల్పి లేచి దణ్ణం పెట్టేసరికి పెద్దాయన తల దించుకున్నాడు. ఎంత గట్టిగా పిలిచినా అది ఆయన కోసం పిలిచిన పిలుపు కాదు.

కొడుకు ఆయన చేతి మీద చెయ్యి వేశాడు.

“నాన్నా, అమ్మ ఇలాగే పిలిచేదా?”

“కాదురా. చివర కొంచెం సాగదీసేది. ఏదో అడగబోతున్నట్టు.”

“ఎలా?”

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. సిగ్గుపడుతూనే, భార్య పిలిచినట్టుగా, తన పేరు తనే మెల్లగా పలికి వినిపించాడు.

కొడుకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తల్లి గొంతులో ఆ ఒక్క మాట తను ఎన్నడూ వినలేదు. ఇక వినలేడు. ఆ మాట ఇప్పుడు మిగిలి ఉన్నది ఈ పక్క కుర్చీలోని మనిషి దగ్గరొక్కటే.

“ఇంకోసారి చెప్పు నాన్నా” అన్నాడు.