ఉపవాసం నాటి చాయ్ కప్పు

శుక్రవారం మధ్యాహ్నం 3:40. ఔరాద్ రోడ్డు పక్కన కందిచేను. షెడ్డులో కూలీ ఏసప్ప శవం. పక్కన చాయ్ కప్పు, అందులో పురుగుమందు వాసన.

పది గంటలకు ఏసప్ప భార్య శాలిని చాయ్ తెచ్చిందనీ, అది తాగి పడిపోయాడనీ చేను యజమాని గురునాథ్ చెప్పాడు. పోలీసులు ఆమెను బీదర్ స్టేషన్‌కు తెచ్చి లాకప్‌లో పడేశారు. తాను చేనుకే పోలేదని ఆమె మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

సోమవారం సెలవు నుంచి వచ్చిన ఎస్.ఐ. ఎబినేజర్ పోస్ట్‌మార్టమ్ రిపోర్టు చదివాడు. ఒళ్లు మండిపోయింది. కడుపులో చాయ్ చుక్క లేదు. వీపు మాత్రం మందు తడికి ఎర్రగా కందిపోయింది. దొంగ సచ్చినోళ్లు, రెండో పేజీ ఎవడూ తిప్పలేదు.

11:15కి గురునాథ్‌ను పిలిపించాడు. శాలినినీ, శవపరీక్ష చేసిన డాక్టర్ మౌనశ్రీనీ కూర్చోబెట్టాడు.

"చాయ్ తాగంగ చూసినవా?"

"కండ్లార చూసిన, సాబ్."

"ఏసప్పది మా చర్చి సంఘమే. శుక్రవారం మాకు ఉపవాస ప్రార్థన. ఆయన పొద్దుమూకేదాక మంచినీళ్లు గూడ ముట్టడు. మరి చాయ్ ఎట్ల తాగిండు?"

కానిస్టేబుల్ దుర్గప్ప షెడ్డు వెనక దొరికిన, వీపుకు తగిలించుకునే స్ప్రే పంపు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. అడుగున పగులు. కారుతోందని ఏసప్ప నాలుగుసార్లు మొత్తుకున్నా మార్చలేదని గురునాథ్ ఒప్పుకున్నాడు. పొద్దున మందు కొడుతూ మనిషి పడిపోగానే కేసవుతుందని భయపడి, షెడ్డులో దాచి, చచ్చాక కప్పు పెట్టాడు.

మౌనశ్రీ విడమర్చి చెప్పింది. మెదడు నరాలు ఒక రసాయనంతో కబురు పంపుతాయి. కబురు అందగానే దాన్ని తుంచేసే ప్రోటీన్ ఒకటుంది. దాని ఆకారంలో లోతైన గొంది ఉంటుంది, రసాయనం అందులో దిగితేనే తెగుతుంది. పురుగుమందు నోటి నుంచి వచ్చినా, చర్మం నుంచి వచ్చినా ఆ గొందిలోనే ఇరుక్కుంటుంది. ఇక కబుర్లు ఆగవు, ఊపిరి ఆగుతుంది. మందును గొందిలోంచి పీకే ఇంజెక్షన్ ఉంది. ఆలస్యమైతే మందు అక్కడే గట్టిపడి ఊడిరాదు.

"దవాఖానకు అరగంట తొవ్వ. వీడు ఐదు గంటలు దాచిండు," అన్నాడు ఎబినేజర్.

"తెస్తే బతికేటోడా, డాక్టరమ్మా?" శాలిని అడిగింది.

"బతికేటోడే, అక్కా."

ఆమె గురునాథ్ వైపు తిరిగింది.

"ఆ ఐదు గంటలు ఏమన్న మాట్లాడిండా?"

గురునాథ్ తల దించుకున్నాడు. "నీ పేరే పిలిచిండు."

ఆ పేరునే ఫిర్యాదులో రాయించాడు వీడు. ఎబినేజర్ వాణ్ని మెడ పట్టి లాకప్‌లోకి తోశాడు.