కడిగి బోర్లించిన కంచం

కోటబొమ్మాళి నుంచి లోపలికి వెళ్ళే రోడ్డులో, ఊరు మొదలవకముందే ఎడమచేతి వైపు ఒక కళ్లం ఉంది. ధాన్యం నూర్చుకోవడానికి అంత చదునైన నేల ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. అయినా దీపాలు పెట్టే వేళయిందంటే చాలు, కుప్పను కుప్పలాగే వదిలేసి జనం ఇంటిదారి పట్టేవాళ్ళు. దొంగలు కూడా ఆ కుప్పల జోలికి వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళకు మాత్రం ప్రాణాలు తీపి కావా?

కారణం — ఆ కళ్లం మూల పూడ్చేసిన నుయ్యి.

అందులో తాతమ్మ అనే ఆడపిల్ల ఉందని చెప్పుకునేవారు. పెళ్ళి కుదిరిన పిల్ల. ఓ తెల్లవారుజామున నీళ్ళకని వెళ్ళింది... బిందె గట్టు మీదే ఉంది, పిల్ల లేదు. గాలాలు వేసి దేవారు. ఏమీ తగల్లేదు. శవం తేలేదాకా ఆగమని పెద్దలు అంటున్నా వినకుండా, తండ్రి ఆ సాయంత్రానికే బళ్ళతో మట్టి తోలించి నూతిని పూడ్చేశాడు. గంగమ్మ తీసుకుంది, ఇక కెలకొద్దు అన్నాడట. పెద్దకర్మ నాడు ఊరంతా వచ్చి భోజనాలు చేసింది.

ఆ మరుసటేడు నుంచి మొదలైంది. అమావాస్య రాత్రి కళ్లంలో ముసుగేసుకున్న ఆడమనిషి కనబడేది. సైకిలు మీద వస్తూ చూసినవాడొకడు సైకిలు అక్కడే పారేసి, జ్వరం తగ్గాక గానీ తెచ్చుకోలేదు.

తల్లి జగ్గమ్మ ఒక్కతే ఆ చోటికి వెళ్ళేది. ప్రతి అమావాస్యకూ చీకటి పడగానే కంచంలో అన్నం పట్టుకెళ్ళి నూతి చోట పెట్టి వచ్చేది. తెల్లారి చూస్తే కంచం ఖాళీ. ఖాళీ మాత్రమే కాదు — ఇసకతో తోమి, కడిగి, బోర్లించి ఉండేది! తాతమ్మ తమ్ముడు నరసింగరావు చిన్నప్పుడు ఒక్కసారి దాన్ని కళ్ళారా చూశాడు. మళ్ళీ ఆ కంచంలో అన్నం తింటే ఒట్టు.

అలాంటి నరసింగరావు ఈ వయసులో ఆ కళ్లంలోనే ఇల్లు మొదలెట్టాడంటే ముచ్చటపడి కాదు. కిందటి వానలకు పాత పెంకుటిల్లు గోడ కూలింది. మిగిలిన గది మరో వానాకాలం నిలిచేలా లేదు. ఉన్న జాగా అదొక్కటే.

“ఈ రోజుల్లో ఇంకా దెయ్యాలేటి?” అని నలుగురిలో నవ్వేవాడు. పునాది గుంతలు తవ్వుతున్నప్పుడు మాత్రం ఈశాన్యం మూలకు వెళ్ళకుండా, ఇటు కొస నుంచే అజమాయిషీ చేసేవాడు.

గునపం దిగబడింది కూడా ఆ మూలనే. నాలుగు పోట్లకే చెయ్యంత లోతుకు దిగిపోయింది. పక్కన మట్టి తీస్తే గుండ్రంగా రాతి వరస.

మేస్త్రీ సూరయ్య చేతులు దులుపుకున్నాడు. “నుయ్యి బావూ. పూడిక మట్టి మీద పిల్లరు నిలబడదు. రేపు మిషను పెట్టి గట్టి నేల తగిలీదాకా తీసీవాలి.”

“పిల్లరు కాస్త పక్కకి జరపలేమేటి?”

“జరిపితే గోడ జరుగుతాది. గోడ జరిగితే గది రోడ్డు మీద కొస్తాది.”

రేపు ఆ మిషను పళ్ళ మధ్య ఏం పైకి వస్తుందో నరసింగరావుకు తెలుసు. సొంత అక్క ఎముకలు. వాటిని పదిమంది ముందు ఏరి కుప్ప పెట్టాలి. వద్దంటే ఇల్లు లేదు. కావాలంటే అది చూడాలి.

ఇంటికెళ్ళి చెబితే జగ్గమ్మ కొడుకు రెండు చేతులూ పట్టుకుంది.

“తవ్వకురా అయ్యా. ఆ మూల వదిలీ... అక్కడ ఇల్లు కట్టీస్తే అది ఎక్కడికొస్తాదిరా?”

దెయ్యం గురించి అంత జాలిగా మాట్లాడేసరికి అతనికి ఒళ్ళు జలదరించింది. చేతులు విడిపించుకుని బయటికొచ్చేశాడు.

ఆ రోజే ఇనుము దిగింది. కాపలాకు రమ్మంటే, అమావాస్య నాడు ఆ కళ్లంలోకి మేం రామని పనివాళ్ళంతా మొహం మీదే చెప్పేశారు. తప్పక నరసింగరావే మడత మంచం వేసుకున్నాడు.

చీకటి పడగానే జగ్గమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. గుంత పక్కన కంచం పెట్టింది. కొడుకు వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

రాత్రి బాగా ముదిరింది. రోడ్డు మీద బళ్ళు ఆగిపోయాయి. అప్పటిదాకా అరిచిన కీచురాళ్ళు...

ఒక్కసారిగా ఊరుకున్నాయి.

కంకర మీద అడుగు. ఇంకో అడుగు... తీరిగ్గా, దారి తెలిసిన మనిషి నడిచినట్టు.

నరసింగరావు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. పాడు చెవులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. కూర్చున్నట్టు గాజుల సవ్వడి... చాలాసేపు నిశ్శబ్దం... నీళ్ళ డ్రమ్ములో చెంబు ముంచిన చప్పుడు. తర్వాత ఇసక — కంచం మీద గరగరమని.

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి మంచం వైపు.

దగ్గరకొచ్చి ఆగాయి. దుప్పట్లోంచి అతని పాదం ఒకటి బయటే ఉండిపోయింది. దాన్ని లోపలికి లాక్కునే ధైర్యం కూడా లేదు. ఎవరో దుప్పటి అంచు పట్టుకున్నారు... మెల్లగా ఆ పాదం మీదికి కప్పారు.

అతనికి తెలివొచ్చేసరికి తెల్లారింది. గుంత పక్కన కంచం — కడిగి, బోర్లించి ఉంది.

మిషను వచ్చింది. నరసింగరావు మిగతా గుంతల వైపు తిరిగి నిలబడ్డాడు. బకెట్టు దిగిన ప్రతిసారీ అతని గుండె దానితోపాటు దిగింది. చివరికి సూరయ్యే వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“అడుగు బంకమట్టి తగిలినాది బావూ. గాలం కొక్కెం ఒకటి, కుండ పెంకులూ దొరికినాయి. అంతే... ఇందులో మనిషన్నోళ్ళు ఎవులూ లేరు.”

“సరిగ్గా సూసినావేటి?”

“మట్టంతా జల్లించినట్టే సూసినాం. ఎముక ముక్క లేదు.”

నరసింగరావు కంచం చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. జగ్గమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అతను అడగక్కర్లేకపోయింది.

“ఎల్లిపోనాదిరా మీ అక్క,” అంది మెల్లగా. “కళింగపట్నం పడవలోడితో. మీ నాయన బిందట్టుకెల్లి గట్టు మీద ఎట్టీసి, నూతిలో పడిపోనాదని ఊరికి సెప్పీసినాడు. నాకూ అదే సెప్పినాడు. సచ్చిపోనాదనే నాను ముద్ద పెట్టినాను. తెల్లారి సూస్తే కంచం కడిగున్నాది. దెయ్యం కంచం కడుగుతాదేటిరా? నా కూతురు కడుగుతాది. అది తిన్న కంచం ఏనాడూ ఎంగిలితో వదల్లేదు. పై అమాసకి సీకట్లో కూకున్నాను... వచ్చినాది.”

“నాన్న పోయేకయినా సెప్పలేకపోయావేటమ్మా?”

“ఊరంతా దాని దినం కూడు తినీసినాది. తిన్నోళ్ళకి ఏటని సెప్పను? బతికే ఉందంటే మీ నాయన పరువు మట్టిలో కలిపినట్టు కాదేటి?”

నరసింగరావు అరుగు మీద కూలబడ్డాడు. పసివాడిగా ఉన్నప్పుడు తనకు దుప్పటి సర్దింది ఎవరో గుర్తొచ్చింది. రాత్రి చేతికందే దూరంలో అక్క నిలబడితే, తను ముసుగు తన్ని వణికాడు.

“నాకు తెలీదమ్మా... తెలిస్తే రాత్రే లేచి—”

“రాత్రేటి?” జగ్గమ్మ తలెత్తింది. “అది రాడం మానీసి సానా ఏళ్ళయినాది కదరా. పెద్ద తుఫానొచ్చిన ఏడాది నుంచి రాలేదు. ఉందో పోయిందో... ముద్ద అలాగే ఉండిపోతంది. పొద్దున్నే నానే తెచ్చి ఆవుకి పెడతన్నాను.”

అతను చంకలోంచి కంచం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ముసలి వేళ్ళు కంచం అంచు తడిమాయి. ఇసక గీతలు తడిమాయి. చెమ్మ ఇంకా ఆరలేదు.

“నువ్వు కడిగినావేటి?”

“లేదు.”

జేబులో ఫోను మోగింది. సూరయ్య. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోంది, గుంతలో పోసీమంటారా అని. ఏమన్నాడో నరసింగరావుకే తెలీదు. అవతల సరే బావూ అని పెట్టేశాడు.

జగ్గమ్మ అతని మణికట్టు పట్టుకుంది. గొంతు బాగా తగ్గించింది.

“మొకం సూసినావా? ఆఖరుసారి వచ్చినప్పటికే సగం జుత్తు తెల్లబడిపోనాది. ముసిలిదయిపోనాదా నా తల్లి... లేపోతే—”

ఆగింది.

“లేపోతే ఎల్లిపోయిన నాటిలాగే ఉన్నాదేట్రా? సెప్పు. ఏదో ఒకటి సెప్పరా.”

నరసింగరావు నోరు తెరిచాడు. రాత్రంతా మొహం మీద దుప్పటి తప్ప అతనేమీ చూడలేదు.