ముకాషి చాయ్

షుకూర్ బోరు మోటార్ల మెకానిక్ కాదనీ, షామీర్‌పేట చెరువు పక్క ఫామ్‌హౌస్‌లో ఎవరో అందమైన మేడమ్ దగ్గర చాయ్ గిన్నెలు కడుగుతున్నాడనీ పక్కింటి కమలాబాయి తూంకుంట ఊరంతా చెప్పిందట. పొద్దున్నే ఆ ముచ్చట మోసుకొచ్చింది షహర్ బాను.

"నిజమేనా జీ?"

"గిన్నెలు కడుగుడు నిజమే," అన్నాడు షుకూర్, మోకాళ్లకు నూనె రాసుకుంటూ. ఇరవై ఆరేళ్ల కాపురంలో భార్యకు నిజం చెప్పే అవకాశం అతనికి ఎప్పుడో గానీ రాదు.

ఫోన్ మోగింది. గూఢచారి విభాగం చీఫ్ వెంకటేశ్వరరావు.

"బోరు ఎన్ని అడుగులు?"

"నీళ్లు వడలే సార్."

కోడ్ కుదిరింది.

"ఆపరేషన్ ఇవాళే. వెబర్ పదకొండింటికి వస్తాడు. వాడి టార్గెట్ టీకా ల్యాబ్ డాక్టర్ దీప. టీకా ఫార్ములా ఎవరు అమ్మారో రేపు ఢిల్లీలో ఆమె చెప్పబోతోంది. ఈలోపే ఆమెను చంపాలని వెబర్ ముఠా ప్లాన్. ఎలాగో తెలీదు. చంపబోతుండగా పట్టుకోవాలి."

"ఆమెకు చెప్పిండ్రా?"

"లేదు. చెబితే మొహంలో కనబడిపోతుంది."

"మరి ఆ చాయ్ మేడమ్ ఆతియా?"

"ఆరేళ్లుగా మనకూ వాళ్లకూ డబుల్ ఏజెంట్. ఇవాళ ఎవరి మనిషో నాకూ తెలీదు."

షుకూర్ చెవి మిషన్ పెట్టుకున్నాడు. అది ట్రాన్స్‌మిటర్. చెరువు గట్టు ఎక్కేసరికి దాని బ్యాటరీ అయిపోయింది. సర్కారు బ్యాటరీ.

ఫామ్‌హౌస్‌లో చాప మీద ముగ్గురు కూర్చున్నారు. ల్యాబ్‌కు నిధులిచ్చే దొర వేషంలో వెబర్. అతని పక్కన దీప. ఎదురుగా, నీలం పట్టు కిమోనోలో ఆతియా. జపాన్‌లోని క్యోటోలో చాయ్ విద్య నేర్చుకున్న మనిషి. వెబర్ కోటు కింద పిస్టల్ ఉబ్బు మూలన గిన్నెలు తుడుస్తున్న షుకూర్‌కు కనబడుతూనే ఉంది.

వెబర్ మొదటి గిన్నె తాగాడు. తర్వాత పెట్టెలోంచి నల్లటి పాత గిన్నె ఒకటి తీశాడు.

"డాక్టర్‌కు నా కానుక. ఆమెకు ఇందులో కలపండి."

ఆతియా ఆకుపచ్చ పొడి వేసి, వేడినీళ్లు పోసి, నురగ వచ్చేలా గిలక్కొట్టి దీప ముందు పెట్టింది.

"మంచి వాసనొస్తాంది. గీ చాయ్‌కి పేరేమన్న ఉంటదా మేడమ్?" అంది దీప.

"కిరి నో ముకాషి," అంది ఆతియా. "పొగమంచు నాటి పాతకాలం."

వెబర్ అన్నీ తెలిసినవాడిలా తలూపాడు.

షుకూర్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆర్నెల్లు గిన్నెలు కడుగుతూ విన్న పాఠం. ఆ దేశపు గురువులు చాయ్‌కి కవిత్వంలాంటి పేర్లు పెడతారు. చిక్కటి చాయ్ పేరు 'ముకాషి'తో ముగుస్తుంది, పలచటిది 'షిరో'తో. చిక్కటిది చుట్టాలంతా ఒక్క గిన్నెలోనే తాగాలి. పలచటిది ఎవరి గిన్నె వాళ్లది. ఇక్కడ ఉన్నది నురగ తేలే పలచటి చాయ్. ఆర్నెల్లలో ఒక్కసారి కూడా పేరు తప్పని ఆతియా ఇవాళ తప్పింది. అంటే, ఆ వేరే గిన్నెలో విషముంది, తాగనివ్వొద్దని సైగ.

దీప గిన్నె పెదవుల దాకా ఎత్తింది.

"జర ఆగుండ్రి మేడమ్!" షుకూర్ దాన్ని లాక్కుని వెబర్ ముందు పెట్టాడు. "ముకాషి చాయ్‌కి అందరికి ఒక్కటే గిన్నె దొరా. పెద్ద చుట్టం ముందుగాల తాగాలె. తాగుండ్రి."

వెబర్ గిన్నె ముట్టుకోలేదు. చెయ్యి కోటులోకి పోయింది. ఆతియా కెటిల్లోంచి గరిటెడు మసిలే నీళ్లు ఆ చేతి మీద పోసింది. పిస్టల్ చాప మీద పడింది. షుకూర్ వెబర్ వీపు మీద కూర్చున్నాడు. ఆ వయసులో కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం.

"నా ఆరేళ్ల కొలువు గరిటెడు నీళ్లతోటి పోయింది చాచా," అంది ఆతియా నీరసంగా.

గేటు బయట కారులో ఉన్న చీఫ్, వెబర్ అరుపులు విని పరిగెత్తుకొచ్చాడు. వెబర్‌కు బేడీలు పడ్డాక నవ్వుతూ దీప వైపు తిరిగాడు.

"మీకేం భయం లేదు డాక్టర్. నెల రోజులుగా మీరు మా రక్షణలోనే ఉన్నారు."

"నెల నుంచి తెలుసా మీకు? మరి నాకెందుకు చెప్పలే?"

"చెబితే మీ మొహంలో కనబడిపోయేది," అన్నాడు చీఫ్.

"మా నాయిన గీ చెరువులనే గాలమేస్తడు సార్," అంది దీప. "వానపామును గాలానికి గుచ్చేటప్పుడు ఆయన గూడ దాన్ని అడగడు. గని, నిన్ను కాపాడుతున్న అని దానికి చెప్పడు."