తలుపు వేడిగా ఉంటే

కాలనీల్లో అందరూ ఆయన్ని నిప్పుల మాస్టారు అనేవాళ్లు. ఇళ్లలో మంటలు రాకుండా ఏం చెయ్యాలో, వస్తే ఏం చెయ్యాలో క్లాసులు చెప్పడం ఆయన ఉద్యోగం. గంట చెప్పాల్సిన క్లాసు నలభై నిమిషాల్లో ముగించి, ఎదురుగా కూర్చున్న మొహాలకి ఒకసారి పెదవి విరిచి, హాజరు పట్టీలో సంతకాలు పెట్టించుకుని వచ్చేసేవాడు. జనం మీద ఆయనకున్న అభిప్రాయం ఒక్కటే. వీళ్లకి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

ప్రతి క్లాసులోనూ ఒక టైలరమ్మ సంగతి ఎత్తేవాడు.

"తలుపు తీసేముందు చేతి వెనక వైపుతో తాకి చూడమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వేడిగా ఉంటే తీయొద్దన్నాను. ఆవిడగారేం చేసింది? చుట్టాలొచ్చారనుకుందో ఏమో, బార్లా తీసింది!"

జనం నవ్వేవాళ్లు.

నిజం వేరు. ఆవిడ తలుపు తీయలేదు. మూసిన తలుపు వెనకే పొగకి ఊపిరాడక పోయింది. కుడిచేతి కణుపులు నాలుగూ కాలి ఉన్నాయి. ప్రమాదం మీద రిపోర్టు రాసింది ఆయనే కాబట్టి ఆయనకది తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. క్లాసులో ఆవిడ చెయ్యెత్తి అడిగింది: "సార్, తలుపు వేడిగా ఉంటే మరి ఎటు పోవాలి?" అది చెప్పాలంటే మిగిలిన ఇరవై నిమిషాలూ కూర్చోవాలి. "ముందు తలుపు దాకా నడవండమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా సిగ్గుపడుతూ నవ్వి కూర్చుంది.

ఇక మాస్టారి సొంత ఇల్లు. వంట చేస్తే చాలు కూస్తోందని పొగ అలారానికి ప్లాస్టిక్ కవరు తొడిగాడు. దొంగల భయంతో పడగ్గది కిటికీ గ్రిల్‌కి తాళం వేశాడు. దాని చెవి వీధి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. సరిగ్గా ఆ మేకు కింద, గుమ్మానికి అడ్డంగా, స్కూటర్ బ్యాటరీ ఛార్జింగులో ఉంటుంది.

"ఏవండీ, దాన్ని గుమ్మంలోంచి తీసేయండి. ఏదైనా అయితే బయటికి దారుండదు," అంది భార్య. రెండు రోజులుగా ఆమెకి జ్వరం.

"నిప్పు గురించి నాకే పాఠమా? పడుకో."

ఆమె మాత్ర మింగి పడుకుంది. మధ్యాహ్నం మూడు కావస్తోంది. బయట ముసురు. పడగ్గది తలుపు మూసి, ఏసీ వేసి, ఆయన మంచం పక్కన కుర్చీలో పేపరు తిరగేస్తున్నాడు. కాసేపటికి ఏసీ ఆగిపోయింది. గదిలో ఆమె ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది.

తట్టడం కాదు. ఎవరో చేతిని మెల్లగా ఆనించి, చురుక్కుమన్నట్టు తీసేసిన చప్పుడు. మళ్లీ ఆనించి... మళ్లీ తీసి... ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడిన వాసన సన్నగా వచ్చింది.

"ఎవరది?" అన్నాడు విసుగ్గా. వీధి తలుపు తనే గడియ వేశానని ఆ తర్వాత గుర్తొచ్చింది.

"వేడిగానే ఉంది సార్..." అవతలి నుంచి గుసగుస. "ఎటు పోవాలి?"

కాలనీ వాళ్లెవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. చెంప పగలగొడదామని లేచి, విసురుగా వెళ్లి, గడియని గుప్పిట్లో పట్టుకున్నాడు. అరచెయ్యి చుర్రుమంది. తలుపు కింది సందులోంచి నల్లటి పొగ ఆయన పాదాల మీదికి పాకుతోంది.

"చెప్పండి సార్..."

"తడి... తడి గుడ్డ," అన్నాడు. "కింద సందులో కుక్కాలి... కిటికీ తీయాలి... కేకలెయ్యాలి..."

చెబుతూ చెబుతూనే చేశాడు. దుప్పటి బాత్రూంలో తడిపి సందులో కుక్కాడు. కిటికీ తీశాడు. ఎదురుగా గ్రిల్. గ్రిల్‌కి తాళం. చెవి మంటల్లో ఉంది.

తలుపు అవతల మళ్లీ చెయ్యి ఆనించిన చప్పుడు.

"కిటికీకి తాళం ఉంటే, సార్?"

ఊచలు పట్టుకుని వీధిలోకి అరిచాడు. పట్టపగలే గది చీకటైపోయింది. భార్య కోసం మంచమంతా తడిమాడు. చెయ్యి దొరికింది. ఆ చెయ్యి మరీ వేడిగా ఉంది... జ్వరం, అనుకున్నాడు.

ఫైరింజను వాళ్లు మిషనుతో గ్రిల్ కోసి ఇద్దర్నీ బయటికి తీశారు. ఆస్పత్రిలో మాస్టారి అరచేతికి కట్టు కడుతుంటే, వాళ్ల పెద్దాయన ఓరకంట చూసి అన్నాడు: "అరచేత్తో పట్టుకున్నారా మాస్టారూ? మీరే?"

మాస్టారు పక్క మంచం మీదున్న భార్య వైపు మొహం తిప్పుకున్నాడు.

"అమ్మగారి చెయ్యి కూడా కాలింది," అంది నర్సు. కుడిచేతి కణుపులు నాలుగూ, వరసగా.

"తను మంచం దిగనే లేదే!" అన్నాడాయన.

భార్య కళ్లు తెరిచింది. మూసి ఉన్న వార్డు తలుపు కేసి చూసింది. తర్వాత, క్లాసులో కూర్చున్నట్టు, కాలిన చెయ్యి మెల్లగా పైకెత్తింది.

"ఇందాక చెప్పలేదు సార్..." అంది సిగ్గుపడుతూ నవ్వి. "కిటికీకి తాళం ఉంటే?"