నల్లబడని పట్టీ

పళ్ళ డాక్టరమ్మ కోర్టు కాగితాన్ని డిటెక్టివ్ బల్లమీద పెట్టింది.

ఎవరో మారుపేరుతో ఇంటర్నెట్లో మూడుసార్లు రాశారు. ‘ఈ క్లినిక్కులో పనిముట్లు సరిగ్గా ఉడకడం లేదు. వేడి చాలితే నల్లబడాల్సిన పొట్లంలోని పట్టీ నల్లబడటం లేదు. జాగ్రత్త.’ నెల తిరక్కుండా పేషెంట్లు సగానికి సగం తగ్గారు. ఆమె పరువునష్టం దావా వేసింది. రాసినవాళ్ళ ఆచూకీ చెప్పమని కోర్టు ఆ వెబ్‌సైటువాళ్ళని ఆదేశించింది.

“ఎదురు వీధి డాక్టరు పనే అనుకున్నానండీ. తీరా చూస్తే మూడూ మా క్లినిక్కు కనెక్షన్ నుంచే, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టుకోండి. ఆ పేరు కోర్టుకిచ్చేస్తాను.”

డిటెక్టివ్ నిట్టూర్చాడు. “పేరు తెలిశాక తెలియనట్టు ఉండలేరమ్మా. ఆలోచించుకోండి.”

“ఆలోచించుకునే వచ్చాను.”

ఆయన వెంట ఆయన ఆఫీసులో పనిచేసే టైపిస్టమ్మ కూడా బయల్దేరింది. ఒకప్పుడు కోర్టులో టైపు కొట్టిన మనిషి. ఆయన బుర్రంటే ఆవిడకి ఎంత గురో చెప్పలేం.

క్లినిక్కులో డాక్టరమ్మ కాక ముగ్గురే. బయటి పనులు చూసే తమ్ముడు, ఫోనెత్తే అమ్మాయి, పనిముట్లు ఉడకబెట్టే పిన్ని. తల్లి పోయాక డాక్టరమ్మని పెంచింది ఆ పిన్నే. వీళ్ళు వెళ్ళేసరికి ఆవిడ వెనక గదిలో పొట్లం చించి, లోపలి కాగితపు పట్టీని కిటికీ వెలుగులో చూసి, బుట్టలో పడేసి, పనిముట్లు పళ్ళెంలో సర్దుతోంది.

“ఒంటిగంటకి ఎక్కడుంటారు?” అని అడిగాడు డిటెక్టివ్.

“భోజనానికి ఇంటికెళ్తా,” అన్నాడు తమ్ముడు.

“ఫోను దగ్గరే సార్. కదిలితే మేడం చంపేస్తారు!” అంది అమ్మాయి.

“ఉడకబెట్టే మిషను దగ్గర,” అంది పిన్ని.

“పొట్లంలో ఏముంటాయమ్మా?” అన్నాడాయన అమ్మాయితో.

“పనిముట్లు. ఇంకేముంటాయి సార్?”

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టాడు. “పళ్ళెం బయటికొచ్చేసరికి పట్టీ బుట్టలో ఉంటుంది. అది నల్లబడిందో లేదో రోజూ చూసేది ఒక్కరే. మెకానిక్కుని కూడా పిలిపించాను. మిషను సగం వేడే ఎక్కుతోందట.” ఆ మాట చెప్పడం ఆయనకే కష్టంగా ఉందని టైపిస్టమ్మకి అర్థమైంది.

“నేనే రాశాను,” అంది పిన్ని.

“నువ్వా! నాతో చెప్పొచ్చుగా పిన్నీ!” అంది డాక్టరమ్మ.

“మూడుసార్లు చెప్పానే. మూడోసారి పేషెంట్లందరి ముందూ నోర్మూసుకోమన్నావు. పసిపిల్లల నోట్లో పెట్టేవాయె, నాకు నిద్రపట్టలేదు. నీ పరువు ఇంతలా పోతుందనుకోలేదు తల్లీ. తప్పే చేశాను.”

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారే అని టైపిస్టమ్మ ప్రాణం ఉసూరుమంది.

“కేసు రేపే వెనక్కి తీసుకుంటాను,” అంది డాక్టరమ్మ.

పిన్ని కళ్ళు తుడుచుకుంది.

“నా పేరు కోసం కోర్టుదాకా వెళ్ళావుటే? వెనక గదిలోకొచ్చి అడిగితే చెప్పేదాన్ని కదా.”