ఎర్ర గుళికల్లో తెల్ల గింజలు

"వాన జాడేమైనా ఉందా?" చెవిలోని రిసీవర్‌లో చీఫ్ కోడ్ భాషలో అడిగాడు.

"మబ్బు కూడా లేదు సార్," అన్నాడు ఏజెంట్ గద్ద పళ్ళు నూరుతూ.

మందుల ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్ వేషం వేసి అతనికి నెల దాటింది. గుండెజబ్బు క్యాప్సూల్స్‌తో విదేశీ ముఠా ఏదో ఎత్తు వేసిందని సమాచారం. నెల రోజుల సరుకు ఈ సాయంత్రమే లారీలో ఆసుపత్రులకు బయలుదేరుతోంది. విషాన్ని పసిగట్టే స్పెషల్ పెన్ను మాత్రం ఎందులో గుచ్చినా పచ్చ లైటే వెలిగిస్తోంది. దాన్ని విసిరికొట్టాలన్నంత చిరాకు వేసింది గద్దకి.

"ఇవాళ తేల్చకపోతే వచ్చెయ్. ఆఫీసులో ఫైళ్ళు సర్దుకుందువుగాని," అని చీఫ్ లైన్ కట్ చేశాడు.

"మళ్ళీ చీవాట్లా?" నవ్వుతూ వచ్చింది సంపెంగ. ఇక్కడ క్వాలిటీ ఆఫీసర్. ముఠాలో ఉంటూ మనవాళ్ళకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటని చీఫ్ నమ్మకం. ల్యాబ్ కోటు కింద కూడా హైహీల్సే. "విషం లేదు. పూత సగటు సరిగ్గా ఉంది. జల్లెడ కూడా కొత్తది నేనే వేయించా. ఎందుకు ఊరికే తల గోడకేసి కొట్టుకుంటావ్?"

గద్ద విసుగ్గా మెషిన్ అద్దంలోంచి చూశాడు. కింది నుంచి వేడిగాలి తంతుంటే, క్యాప్సూల్స్‌లో నింపే మందు గుళికలు ఎగిరి, ఎర్ర పూత స్ప్రేలో తడిసి, ఆరుతూ జారుతున్నాయి. మందుని రోజంతా కొంచెం కొంచెంగా వదిలేది ఆ పూతే. ఇంతలో పైనున్న ఫిల్టర్ సంచీని మెషిన్ దులిపింది. ఎర్ర గుళికల మీద తెల్లటి సన్న గింజలు రాలాయి.

అతను అద్దానికి ముఖం ఆనించాడు. సన్నవి తేలిక. గాలి వాటిని స్ప్రే దాటించి సంచీకి అంటిస్తోంది. పెద్దవాటికి పూత దట్టం, వీటికి సున్నా. సగటు తీస్తే అంతా సవ్యమే. సన్నవి ఎక్కువ పడ్డ క్యాప్సూల్ మింగితే రోజు మందంతా ఒక్కసారే గుండె మీద పడుతుంది.

"పూతకి ముందే సన్నవాటిని కిందికి రాల్చాల్సిన జల్లెడ అది. నీ కొత్తదానికి కన్నాలు మరీ చిన్నవి," అన్నాడు.

ఆమె చేతిలోకి పిస్తోలు వచ్చింది. "ఇన్నాళ్ళకి బుర్ర వెలిగింది. లారీ కదులుతోంది, నోరు మూసుకో."

నెల రోజుల ఉక్రోషమంతా కాలిలోకి తెచ్చుకుని గద్ద పక్కనున్న గుళికల బకెట్‌ని తన్నాడు. గుళికలు నున్నటి నేలంతా దొర్లాయి. హైహీల్స్ జారాయి, తూటా సీలింగుకి తగిలింది.

"వాన సార్, కుండపోత. లారీ ఆపండి," అన్నాడు గద్ద చీఫ్‌కి మళ్ళీ లైన్ కలిపి.

గేటు దగ్గర కడ్డీ సరిగ్గా లారీ ముక్కు ముందు పడింది.

"చూశావా, మన పెన్ను పనికొచ్చింది," అన్నాడు చీఫ్ తృప్తిగా.

"లేదు సార్. రిపోర్టు రాద్దామన్నా దాంట్లో ఇంకు లేదు."